ఒకటిన్నర లీటరు

సొహార్‌లో సముద్రం నుంచి ఉప్పు తీసేసే ప్లాంటు.
అక్కడ పంపుల మీద పదమూడేళ్ళ డ్యూటీ లింబాద్రిది.
ఉప్పు వేసే పని నాది.
రూములో పదకొండు మందికి వండిపెడతా,
రాయచోటి చేతివాటంతో:
కారం ముందు, ఉప్పు తర్వాత, మాట ఆఖర్న.

ఎండలు ముదిరినప్పుడు మొదలైంది.
రాత్రి రెండింటికి మంచం దిగి
బియ్యం మూట మీద కూచునేవాడు.
"పండుకుంటె మునిగినట్టయితాంది" అన్నాడు.
ఎడారిలో మునిగేదేందని నవ్వినాం.
ఒక దిండు, రెండు దిండ్లు,
మూడోది నాది.
బూట్లు పట్టక తొమ్మిదో నంబరు కొన్నాడు.
ఈ వయసులో పాదాలు పెరుగుతాయా అని
దుకాణంలో అడిగినాడంట.

ఆస్పత్రిలో సూడాన్ డాక్టరమ్మ
అరబ్బీలో కొంత, హిందీలో కొంత చెప్పింది:
హార్ట్ ఫెయిల్యూర్.
తెలుగులో చెప్పాల్సింది నేను.
వెదికితే, ఆగిపోవడం తప్ప
ఇంకో మాట దొరకలా.
ఆగిపోని మనిషి ఎదురుగా కూచుని
నా నోటికేసి చూస్తున్నాడు.

ఆమె కనిపెట్టింది.
గుప్పిట మూసి తెరిచింది, గట్టిగా.
మళ్ళీ మూసింది, నీరసంగా, సగం.
ఆగలేదు. అలిసింది.
నెట్టాల్సినంత నెట్టలేకపోతోంది.
ముందుకు పోని నెత్తురు వెనక నిలబడితే
నీరు ఊరి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది,
కాళ్ళలోకి దిగుతుంది.
మునగడం నిజమే.

"డిశ్చార్జి తక్కువైంది. లైన్ల బ్యాక్ ప్రెషర్."
నాకంటే ముందు అందుకున్నాడు పంపుల మనిషి.
"స్పేర్ దొరుకుతదా?" అన్నాడు.
ఆ ఒక్కటీ నేను హిందీలోకి మార్చలేదు.

కాగితం మీద ముప్పై అని ఉంది.
"పాసుకు అయిదు తక్కువ" అన్నాడు,
పదో తరగతి మూడుసార్లు రాసినోడు.
డాక్టరమ్మ నవ్వింది:
ఈ పరీక్షలో నూరు ఎవరికీ రాదు,
మంచి గుండె కూడా నిండినదాంట్లో
నూటికి అరవై పాళ్ళే తోస్తుంది.
మందులతో నీ ముప్పై పెరగొచ్చు.
కాసేపాగి, పెరగకపోనూ వచ్చు, అంది.

ప్లాంటు గేటు మీద అయిదు భాషల బోర్డు:
దప్పిక కాకముందే తాగు.
తెలుగులోనూ ఉంది, ఒక ఒత్తు తప్పుతో.
దాని కింద నిలబడి లింబాద్రి
సీసా మీద తను గీసుకున్న గీత చూసుకుంటాడు.
రోజుకి ఒకటిన్నర లీటరు.
టీ, మజ్జిగ, చారు, మాత్ర మింగే గుక్క,
అన్నీ అందులోనే.
ఊరంతటికీ తీపినీళ్ళు తోసిన మనిషి.

నా సంగతా?
ఉప్పు చెంచా పట్టుకుంటే
ఇన్నేళ్ళ చెయ్యి దారి మర్చిపోయింది.
ఆయనకి వేరే గిన్నె పెట్టినా.
ధనియాలు, మిరియాలు, కాల్చిన వెల్లుల్లి.
"ఎట్లుంది?"
"మా ప్లాంటు నీళ్ళ లెక్కుంది."
ఒకనాడు ఆవకాయ సీసా మూత వదులుగా కనపడింది.
నేనేమీ అడగలేదు.
అడగాల్సింది.

రూములో ఒక తూకం మిషను ఉంది,
ఇంటికి పోయేవాళ్ళ అట్టపెట్టెలు తూచేది.
దాని మీద ఇప్పుడు పొద్దున్నే
టిఫినుకి ముందు లింబాద్రి ఎక్కుతాడు.
అంకె నేను క్యాలెండరు మీద రాస్తా.
మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే
అది అన్నం కాదు, నీరు.
వెంటనే ఫోను చెయ్యమన్నారు.

మొన్న అరవై ఎనిమిది.
నిన్న అరవై తొమ్మిది.
ఈరోజు డెబ్భై ఒకటి.
"ప్యాంటు బరువు" అన్నాడు.
దిగి బెల్టు తీసినాడు.
తాళాలు, ఫోను, బతాకా కార్డు
ఒక్కోటి బియ్యం మూట మీద పెట్టినాడు,
ఏర్‌పోర్టు కౌంటరు ముందు పెట్టె విప్పి
పచ్చడి సీసాలు బయటపెట్టే వాళ్ళ మాదిరి.
ఊపిరి కూడా వదిలేసి ఎక్కినాడు.

ముల్లు కిందికి రాలేదు.

వంగి ఆయన కాలి మీద బొటనవేలు నొక్కినా.
వేలు తీసినా గుంట అట్లనే ఉంది.
ఇద్దరం దాన్నే చూస్తా ఉన్నాం.
మూట మీది ఫోను నేనే తీసుకున్నా.